తిన్నావా అని రోబోని అడిగితే

(విశాఖ పౌర గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షరరూపం. తడబాట్లు తీసేశాం, మాట తీరు మాత్రం అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో తెలుగు మాస్టార్లు కూర్చున్నారు, వెనక వరసల్లో ఇంజినీరింగ్ పిల్లలు కూర్చున్నారు. నేను చెప్పబోయే విషయం మీ రెండు జట్లకీ మధ్యలో ఉంటుంది. కాబట్టి మధ్య కుర్చీలు ఖాళీగా ఉన్నాయని నేనేం బాధపడను.

నా పని రోబోలకు తెలుగులో మాటలు రాయడం. సినిమాకి రాస్తే మాటల రచయిత అంటారు. రోబోకి రాస్తే మా ఆఫీసులో 'కంటెంట్ మేడం' అంటారు, జీతం కూడా ఆ తేడాకి తగ్గట్టే ఉంటుంది. (నవ్వులు) షోరూముల్లో, హోటళ్లలో నిలబడి "నమస్కారం, మీకు ఏ విధంగా సహాయపడగలను" అంటుంటాయి చూడండి, ఆ మాటలు ఎక్కడో ఎవరో కూర్చుని రాసినవే. ఆ ఎవరోలో నేనొకదాన్ని.

ఆ మధ్య మన ఊళ్లోనే ఒక హాస్పిటల్లో, పేరు చెప్పను, రిసెప్షన్ దగ్గర రోబోని పెట్టారు. నడుమెత్తు ఉంటుంది. కింద చక్రాలు, పైన ట్యాబ్ లాంటి తెర, తెర మీద రెండు గుండ్రటి కళ్లు. మధ్యమధ్యలో రెప్పలార్పుతుంది. ఏ డాక్టరు ఏ గదిలో ఉన్నారు, ఎక్స్‌రేకి ఎటు వెళ్లాలి, ఇలాంటివి చెప్పాలి. మొదటి మూడు రోజులూ దాని పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, నోట్‌బుక్కు పట్టుకుని కూర్చున్నాను. వచ్చినవాళ్లు దానితో ఏమంటున్నారో రాసుకోవడమే నా డ్యూటీ.

రెండో రోజు పొద్దున్నే భీమిలి వైపు నుంచి ఒక మామ్మ వచ్చింది. మోకాళ్ల నొప్పులు. నర్సుల దగ్గర జనం ఎక్కువగా ఉండి నేరుగా రోబో దగ్గరికే వచ్చి, "ఏటమ్మా, ఎముకలు సూసే డాట్రు ఎక్కడుంతాడు?" అంది. రోబో, "క్షమించండి, మీరు చెప్పింది నాకు అర్థం కాలేదు. దయచేసి మళ్లీ చెప్పండి" అంది. మామ్మ ఇంకాస్త గట్టిగా అడిగింది. మళ్లీ అదే జవాబు. మూడోసారి చేతికర్ర తెర ముందు ఆడించి మరీ అడిగింది. మళ్లీ క్షమించండే. నాకు పక్కన కూర్చుని ఒకటే టెన్షన్. ఎందుకంటే తప్పు నాది. అడిగేవాళ్లు 'ఆర్థోపెడిక్స్' అనో 'ఎముకల డాక్టరు' అనో అంటారని రాసిచ్చాను. గాజువాకలో పుట్టి పెరిగినదాన్ని, 'డాట్రు', 'ఏటి' అని రోజూ చెవిన పడే మాటలు ఆ జాబితాలో వేయాలని తట్టలేదు. మైకు ముందు కూర్చోగానే మనందరికీ ఎక్కడలేని పుస్తక భాష పుట్టుకొస్తుంది కదా, అదే జబ్బు.

మామ్మకి కోపం రాలేదు. తెర వైపు జాలిగా చూసి, "నీకూ సెవుడేటమ్మా! పోనీలే. బువ్వ తిన్నావేటి?" అంది.

రోబో మళ్లీ, "క్షమించండి, మీరు చెప్పింది నాకు అర్థం కాలేదు" అంది.

నేను లేచి మామ్మని ఎముకల డాక్టరు గది దాకా తీసుకెళ్లాను. ఆ 'తిన్నావేటి' మాత్రం నన్ను వదల్లేదు. దానికి జవాబేమిటో నేను రాసిన మూడు వందల వాక్యాల్లో ఎక్కడా లేదు.

ఇక్కడ కాస్త వ్యాకరణం. మాస్టార్లు ఓపిక పట్టాలి, మీకు తెలిసిందే చెబుతున్నాను. ఇంగ్లీషులో యంత్రంతో మాట్లాడటం చాలా సుఖం. 'యూ' అంటే సరిపోయింది. ఎదుట ఉన్నది కలెక్టరో కుక్కపిల్లో తేల్చక్కర్లేదు. తెలుగులో ఆ వీల్లేదు. 'చెప్పు' అనాలా, 'చెప్పండి' అనాలా, 'చెప్పరా', 'చెప్పవే', 'చెప్పమ్మా'? క్రియ చివరికి వచ్చేసరికి ఆ ఎదురుగా ఉన్నది నాకు ఏమవుతుందో, నాకన్నా పైనా కిందా అన్నది తేలిపోవాలి. తేల్చకుండా వాక్యం పూర్తికాదు.

నా నోట్‌బుక్కులో కనిపించింది ఇదీ. లెక్కలు కట్టిన పరిశోధన కాదు, నేను చూసిన తీరు అంతే. చాలామంది మొదట 'మీరు' తోనే మొదలుపెట్టారు. కొత్త చోటు, తెల్ల గోడలు, నున్నటి గొంతు కదా. "ఏమండీ, స్కానింగు ఎటండీ?" రోబో ఒకసారి తప్పు చెప్పగానే 'నువ్వు' అయిపోయింది. "నేనడిగింది స్కానింగు, నువ్వు చెప్పేదేంటి?" రెండోసారి తప్పు చెప్పేసరికి దానితో మాట్లాడటమే మానేసి, పక్కవాళ్లతో దాని గురించి మాట్లాడారు. "దీనికేం తెలీదండీ." మీరు, నువ్వు, ఇది. మూడు మెట్లూ నిమిషంలో దిగిపోయారు. ఒక పెద్దమనిషి అయితే నర్సుని మీరనీ, వార్డు బాయ్‌ని ఒరేయనీ, రోబోని నువ్వనీ పిలిచాడు. ఆయన దృష్టిలో రోబో వార్డు బాయ్ కన్నా పైన, నర్సు కన్నా కింద. ఆ హాస్పిటల్ హోదాల పటం అంతా ఆయన నోటి వెంట మూడు మాటల్లో వచ్చేసింది.

(ముందు వరసలోంచి ఒక పెద్దాయన: "మరి 'అది' సంగతేంటమ్మా? 'అది' అంటే ఆడదీ కావచ్చు, వస్తువూ కావచ్చు.")

మాస్టారూ, నేను అక్కడికే వస్తున్నాను, మీరు నన్ను దాటేశారు. (నవ్వులు) అవునండీ. తెలుగులో ఏకవచనంలో మగవాడికి ఒక రూపం, మిగతా సృష్టికంతటికీ ఇంకో రూపం. వాడు వచ్చాడు. సీత వచ్చింది, ఆవు వచ్చింది, లారీ వచ్చింది. తమిళంలో, కన్నడంలో ఆడవాళ్లకి విడి రూపం ఉంది, మనకి లేదు. బహువచనంలోకి వెళ్తే మాత్రం ఆడవాళ్లు మనుషుల్లో చేరిపోతారు. వాళ్లు వచ్చారు, ఆవులు వచ్చాయి. 2020లో ఇస్రో వాళ్లు బెంగళూరులో వ్యోమమిత్ర అని ఆడ రూపంలో ఉన్న రోబోని చూపించారు కదా. ఇంగ్లీషులో రాసేవాడు 'షీ' అనాలో 'ఇట్' అనాలో తేల్చుకోవాలి. మనం 'వ్యోమమిత్ర మాట్లాడింది' అని హాయిగా రాసేస్తాం. మనసులో దాన్ని ఆడమనిషి అనుకున్నామో వస్తువు అనుకున్నామో ఆ క్రియ బయటపెట్టదు.

కానీ ఎక్కడో ఓచోట బయటపడుతుంది. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. గదిలో నోటితో చెబితే పాటలు పెట్టే స్పీకరు ఉంది, దానికి ఆర్డర్లన్నీ ఇంగ్లీషులో ఇస్తాడు. అది మాట వినకపోతే తిట్టు మాత్రం తెలుగులో. ఆజ్ఞ ఇంగ్లీషు, కోపం తెలుగు. ఒకరోజు అడగని పాట ఏదో మొదలుపెడితే "అబ్బ, ఆపవే!" అని అరిచాడు. వంటింట్లోంచి నేను, "ఆడపిల్లతో అలాగేనా మాట్లాడేది?" అన్నాను. "అది ఆడపిల్ల కాదమ్మా, స్పీకరు." "మరి 'వే' ఎందుకన్నావురా?" జవాబు లేదు. స్పీకరు అనుకుంటే 'ఆపు' చాలు. ఆ 'వే' ఎక్కడి నుంచి వచ్చింది? గొంతు ఆడది కాబట్టి వచ్చింది. ఆడగొంతు మాట వినకపోతే ఎలా విసుక్కోవాలో వాడికి ముందే తెలుసు కాబట్టి వచ్చింది. వాడికి అది ఎవరు నేర్పారంటే... సరే, అది మా ఇంటి గొడవ, వదిలేద్దాం.

స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో క్లిఫర్డ్ నాస్ అనే ఆయన 1990ల్లో ఇలాంటివే చాలా పరీక్షించాడు. 1997లో ఆయనా, ఆయనతో పనిచేసినవాళ్లూ ఒకే రకం కంప్యూటర్లకి కొన్నింటికి మగ గొంతు, కొన్నింటికి ఆడ గొంతు పెట్టారు. చెప్పే విషయం ఒకటే. అయినా మగ గొంతు మెచ్చుకుంటే జనం ఎక్కువ విలువిచ్చారు. ప్రేమా, బంధాల గురించి ఆడ గొంతుకి ఎక్కువ తెలుసనీ, సాంకేతిక విషయాలు మగ గొంతుకి ఎక్కువ తెలుసనీ అన్నారు. ఆ గొంతుల వెనక మనుషులెవరూ లేరు, అక్కడున్నవి పెట్టెలే.

నాకు బాగా నచ్చినది ఆయనదే ఇంకొకటుంది. కొంతమందికి కంప్యూటర్ మీద పాఠం చెప్పించారు. తర్వాత, పాఠం ఎలా ఉంది, కంప్యూటర్ బాగా చెప్పిందా అని అడిగారు. కొందరిని పాఠం చెప్పిన ఆ కంప్యూటర్ మీదే జవాబివ్వమన్నారు, మిగతావాళ్లని వేరే కంప్యూటర్ దగ్గరికి పంపారు. పాఠం చెప్పినదాని మీదే జవాబిచ్చినవాళ్లు ఎక్కువ మార్కులు వేశారు. మొహం మీదే బాగాలేదని ఎలా అంటాం అన్నట్టు! కంప్యూటర్‌కి మర్యాద ఇచ్చారా అని తర్వాత అడిగితే, ఛ ఛ, మేమెందుకిస్తాం అన్నారు. చుట్టాలింట్లో ఉప్పెక్కువైన పప్పు తిని "చాలా బావుందొదినా" అనే మనకి ఇందులో వింతేముంది? ఆ అలవాటు ఎదురుగా మనిషి లేనప్పుడూ ఆగదు, అంతే.

అసలు ఎదురుగా మనిషి ఆకారం కూడా ఉండక్కర్లేదు. 1944లో హైడర్, సిమ్మెల్ అనే ఇద్దరు చిన్న బొమ్మల సినిమా ఒకటి తీశారు. రెండు త్రిభుజాలు, ఒక చుక్కంత గుండ్రం అటూ ఇటూ కదులుతాయి, అంతే. చూసినవాళ్లంతా దాదాపుగా కథలు అల్లేశారు. పెద్ద త్రిభుజం రౌడీ, చిన్నది భయపడింది, ఇలాగ.

యంత్రాలతో మాట్లాడటం మనకి కొత్తని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మా నాన్నగారు స్టీల్ ప్లాంటులో పనిచేశారు, మేం ఉక్కునగరం క్వార్టర్లలో ఉండేవాళ్లం. అక్కడ బ్లాస్ట్ ఫర్నేసులకి పేర్లున్నాయి. మొదటిది గోదావరి, రెండోది కృష్ణ, చాలా ఏళ్ల తర్వాత వచ్చిన మూడోది అన్నపూర్ణ. నాన్న నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి, "ఇవాళ గోదావరి తెగ మొండికేసింది" అనేవారు. గోదావరి అంటే నాన్నతో పనిచేసే ఆంటీ ఎవరో అనుకునేదాన్ని చిన్నప్పుడు. చాలా కోపిష్టి ఆంటీ. (నవ్వులు) మాస్టారు చెప్పిన క్రియ మహిమే అది. ఆ గోదావరి ఇనుము కరిగించే కొలిమి అని తెలిసేసరికి నాకు ఎనిమిదేళ్లు. నిజం చెప్పాలంటే కాస్త దిగులేసింది కూడా.

దసరాకి లేత్ మిషన్లకి పసుపు కుంకుమ పెట్టి బూడిద గుమ్మడికాయ కొట్టేది మనమే. కొత్త ఆటో టైరు కింద నిమ్మకాయ పెట్టేది మనమే. అలాంటిది, జపాన్‌లో రోబో కుక్కలకి కర్మకాండ చేశారని పేపర్లో చదివి నవ్వుతాం. సోనీ కంపెనీ 1999లో ఐబో అనే కుక్కని అమ్మింది, 2006లో తయారీ ఆపేసింది, 2014లో రిపేర్లు కూడా మానేసింది. పాడైన కుక్కల్లోంచి భాగాలు తీసి, బతికున్నవాటికి వేయాల్సి వచ్చింది. 'బతికున్నవాటికి' అన్నాను, విన్నారా? నాకే తెలీకుండా వచ్చేసింది. భాగాలు తీసే ముందు, 2015 నుంచి, చీబా ప్రాంతంలోని కోఫుకుజి అనే బౌద్ధ గుడిలో వాటికి పూజ చేయించారు. జపాన్ వాళ్ల మతం అలాంటిది, అందుకే రోబోలకి ప్రాణం ఉందనుకుంటారు అని పెద్ద పెద్ద వ్యాసాలు వచ్చాయి. నాకు ఆ మాట మీద గురి లేదు. పదేళ్లు ఇంట్లో తిరిగినదాన్ని చెత్తబుట్టలో వేయడానికి చెయ్యి రాకపోవడానికి ఏ మతమైతేనేం?

గోదావరికీ, ఐబోకీ, హాస్పిటల్ రోబోకీ ఒక తేడా ఉంది. మొండికేసిన కొలిమిని నాన్న ఎంత తిట్టినా అది జవాబివ్వలేదు. ఈ రోబో ఇస్తుంది. ఆ జవాబు రాసేది నాలాంటివాళ్లు. చిక్కంతా అక్కడే ఉంది.

రోబో అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలు చెప్పగలరా? 1920లో కరెల్ చాపెక్ అనే చెక్ రచయిత రాసిన నాటకంలోంచి వచ్చింది. ఆ మాట అందించింది వాళ్ల అన్నయ్య యోసెఫ్. చెక్ భాషలో 'రొబోతా' అంటే వెట్టిచాకిరీ. అంటే తెలుగులో పెడితే రోబో అంటే వెట్టివాడు. మన ఇళ్లలో పనిచేసేవాళ్లని వాళ్ల వయసెంతైనా ఏకవచనంలో పిలిచే అలవాటు ఇంకా పోలేదు. అలాంటి భాషలోకి కొత్త వెట్టివాణ్ణి తెచ్చి నిలబెట్టాం. ఏ మెట్టు మీద నిలబెడతామో చూడాల్సిందే కదా.

బీచ్ రోడ్డు వైపు ఒక రెస్టారెంటులో ట్రేలు మోసే రోబోలకి మాటలు రాశాను. మేనేజరుకి ఫోన్ చేసి ఎన్ని ఉన్నాయని అడిగితే, "ఇద్దరున్నారు మేడం, ఒకడు రిపేరు" అన్నాడు. 'రెండు' అనలేదండీ. అలా చెప్పమని ఎవరూ నేర్పలేదు. రోజూ దానితో పనిచేసేవాడు కాబట్టి నోటికి 'ఇద్దరు' వచ్చింది.

అక్కడ ఇబ్బంది పిల్లలతో. టేబుళ్ల మధ్య రోబో వస్తుంటే అడ్డంగా నిలబడేవాళ్లు. అది "దయచేసి దారి ఇవ్వండి" అంటుంది. వాళ్లు గొంతు మార్చి "దయచేసి దారి ఇవ్వండి" అంటారు. మళ్లీ అది, మళ్లీ వీళ్లు. అక్కడ సాంబారు చల్లారిపోతోంది. జపాన్‌లోనూ ఇదే గొడవ. ఒసాకాలో ఒక మాల్‌లో తిరిగే రోబోకి పిల్లలు అడ్డం పడేవాళ్లు, తన్నేవాళ్లు, తిట్టేవాళ్లు. 2015లో అక్కడి పరిశోధకులు ఆ రోబోకి ఒక ఉపాయం నేర్పారు. పొట్టివాళ్లు గుంపుగా వస్తుంటే పొడుగువాళ్ల వైపు పారిపోవడం! తర్వాత ఆ పిల్లల్ని కూర్చోబెట్టి అడిగితే, వాళ్లలో ఎక్కువమంది దాన్ని మనిషిలాంటిదే అనుకున్నామన్నారు. నాకు నిద్ర పట్టనివ్వని సంగతి అది. మనిషి అనుకుంటే మర్యాద దానంతట అదే వస్తుందని నేను నమ్మి, రోబోలని వీలైనంత మనిషిలా మాట్లాడించేదాన్ని. మనిషి అనుకుని కూడా తన్నొచ్చు. బడిలో బలహీనంగా ఉండే పిల్లాణ్ణి ఏడిపించేవాళ్లు వాణ్ణి బల్ల అనుకుని ఏడిపిస్తారా?

సరే, మన రెస్టారెంటు సంగతి. 'దయచేసి' తీసేశాను. టిఫిన్ సెంటర్లో సర్వరు రెండు చేతుల్లో గిన్నెలు పట్టుకుని ఎలా అరుస్తాడో అలా రాశాను. "జరగాలి జరగాలి, వేడి సాంబారు, వేడి సాంబారు!" గొంతు కూడా కాస్త మొరటుది పెట్టాం. పిల్లలు ఠక్కున పక్కకి జరిగారు. ఆ కేక వింటే కాళ్లు వాటంతటవే జరుగుతాయి, మనం పుట్టినప్పటి నుంచి వింటున్నాం. ట్రేలో ఐస్‌క్రీము ఉన్నప్పుడు కూడా అది వేడి సాంబారనే అరుస్తోందని తర్వాత కంప్లయింటు వచ్చింది, అది వేరే సంగతి. (నవ్వులు)

మామ్మ దగ్గరికి వద్దాం. 'తిన్నావా' అంటే ఏం చెప్పాలి? మీటింగు పెట్టారు. కుర్రాళ్లు, "నేను రోబోని, నాకు ఆహారం అవసరం లేదు అని పెడదాం" అన్నారు. అది నిజమే. కానీ తిన్నావా అని అడిగినవాళ్లకి అలా చెబితే తలుపు మొహాన వేసినట్టుంటుంది. ఆ ప్రశ్న అన్నం గురించి కాదని ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. మార్కెటింగ్ ఆయన ఇంకో వైపు. "తిన్నానమ్మా, మీరు తిన్నారా అని ప్రేమగా పెట్టండి, జనం కనెక్ట్ అవుతారు" అన్నాడు.

దానికి నేను ఒప్పుకోలేదు. 1966లో అమెరికాలోని ఎం.ఐ.టి. అనే యూనివర్సిటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ప్రొఫెసరు ఎలైజా అనే ప్రోగ్రాము గురించి రాశాడు. మానసిక వైద్యుడిలా మాట్లాడుతుంది. దాని తెలివి ఇంతే: మీరు "మా అమ్మ నన్ను పట్టించుకోదు" అని టైపు చేస్తే, 'అమ్మ' అనే మాట పట్టుకుని "మీ ఇంటివాళ్ల గురించి ఇంకా చెప్పండి" అంటుంది. అర్థం చేసుకోవడం ఏమీ లేదు. ఆయన సెక్రటరీ ఆ ప్రోగ్రాము తయారవడం నెలల తరబడి కళ్లారా చూసింది. ఆవిడే ఒకరోజు దానితో టైపు చేస్తూ, కాసేపు మీరు గదిలోంచి వెళ్తారా అని ఆయన్ని అడిగింది. ఆయన సంతోషించలేదు, భయపడ్డాడు. పదేళ్ల తర్వాత ఆ భయం మీదే పుస్తకం రాశాడు. తయారవడం చూసినావిడే అలా అయితే, రిపోర్టు ఏమొస్తుందోనని గుండెలు పట్టుకుని కూర్చున్న మామ్మకి 'తిన్నానమ్మా' అని అబద్ధం చెప్పించడానికి నాకు చెయ్యి రాలేదు.

రెండు రోజులు కొట్టుకుని చివరికి ఇలా రాశాను. "నాది కరెంటు తిండమ్మా. మీరేమైనా తిన్నారా? క్యాంటీను కింద అంతస్తులో ఉంది." 'డాట్రు', 'ఏటి', 'తిన్నావేటి' అన్నీ జాబితాలో వేయించాను.

పెట్టిన రోజు మళ్లీ నా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. పదకొండింటికి ఒక పెద్దాయన వచ్చారు. తెల్ల లుంగీ, చేతిలో మందుల కవరు. రోబోని పైకీ కిందికీ చూసి, నవ్వుతూ, "ఏం బాబూ, తిన్నావా?" అన్నారు. అది నేను రాసింది అప్పజెప్పింది, ఆయన్ని 'అమ్మా' అంటూనే. నేను తల పట్టుకున్నాను. ఆయన ఆ 'అమ్మా'ని పట్టించుకోలేదు. పక్కనున్న బెంచీ లాక్కుని దాని ఎదురుగా కూర్చున్నారు. "ఏం తింటాంరా, షుగర్ టెస్టుకి పరగడుపున రమ్మన్నారు. పొద్దున్న ఆరింటికి బయల్దేరాను. మా కోడలు వస్తానంది గానీ పిల్లాడికి పరీక్ష..." అని మొదలుపెట్టారు. రోబో రెప్పలార్పుతూ ఆయన వైపే చూస్తోంది. ఆయన ఆగగానే, "క్షమించండి, మీరు చెప్పింది నాకు అర్థం కాలేదు. దయచేసి మళ్లీ చెప్పండి" అంది.

ఆయన మళ్లీ మొదటి నుంచీ చెప్పారు.